సహస్రాబ్ది తరమువారి కొలువులు: అపవాదమును, యథార్థమును

‘మిలేనియలు’ అను ఆంగ్లపదము ఇప్పుడు మన సభలయందును తఱచుగా వినవచ్చుచున్నది. మిలేనియమనగా సహస్రాబ్ది, వేయేండ్ల కాలము. క్రీస్తుశకమున రెండవ సహస్రాబ్ది ముగిసి మూడవది ప్రవేశించు వేళకు బాల్యమునందో నవయౌవనమునందో ఉన్నవారు గావున వీరికా పేరు కలిగినది. స్థూలముగా 1981 మొదలు 1996 వఱకు జన్మించినవారిని ఈ వర్గమున చేర్చుదురు. పేరు గంభీరమైనదే. దాని వెంట వచ్చిన అపవాదములే విచారింపదగినవి. వీరు ఒక కొలువున నిలువరనియు, శ్రమకు జంకుదురనియు, గడియకొకసారి మెప్పు కోరుదురనియు, పైవారి మాట పాటింపరనియు, యజమానియెడ విశ్వాసమే ఎఱుగరనియు లోకమున వాడుక.

ఈ వాడుకను ఊరక వినోదముగా విని విడువవచ్చును గాని, మన సంఘమునకు దీనితో ప్రత్యక్షమైన ప్రసక్తి కలదు. మన విద్యార్థి వేతన నిధికి విరాళములిచ్చు పోషకమహాశయులలో పలువురు స్వయముగా వ్యాపారములును, పాఠశాలలును, చిన్న కర్మాగారములును నడపువారు. ‘మన పిల్లవాడని పిలిచి పని యిచ్చితిమి, ఆఱు నెలలు తిరుగకమునుపే వెడలిపోయినాడు’ అను మాట వారి నోట పలుమాఱు వింటిని. ఆ మాట వెంబడియే ‘ఇక మనవారిని చేర్చుకొనుట మానవలయును’ అను నిశ్చయము వచ్చుచున్నది. విదేశములకు పోగలిగినవానికి ఈ నిశ్చయమువలన కలుగు లోపమేమియు లేదు. పట్టణమున తెలిసినవారొక్కరును లేక, మన సంఘ వసతిగృహమున చదువు ముగించుకొని, పెద్దల సిఫారసును నమ్ముకొని నిలిచియున్న పేదపిల్లవాని యెదుట తలుపు మూయబడుచున్నది. కావున ఈ అపవాదము ఎచ్చట పుట్టినదో, ఎట్లు పెరిగినదో, ఎంతవఱకు నిలుచునో చరిత్రదృష్టితో పరిశీలించుట యుక్తము.

తరములకు పేరు పెట్టుట పాశ్చాత్యదేశముల వాడుక. వానిలో మొదట ప్రసిద్ధికెక్కిన పేరు ‘నష్టతరము’. దాని పుట్టుక మిక్కిలి విచిత్రమైనది. మొదటి ప్రపంచ యుద్ధానంతరము పారిసు నగరమున నివసించుచుండిన గెర్‌ట్రూడ్ స్టయిన్ అను రచయిత్రి మోటారుబండి చెడిపోయినది. దానిని బాగుచేయవలసిన పనివాడు యుద్ధమునుండి మరలివచ్చిన యువకుడు. అతడు పని సరిగా చేయలేదని మరమ్మతుశాల యజమాని కోపించి, మీ తరమంతయు చెడిపోయినదని చీవాట్లు పెట్టెనట. ఆమె ఆ మాటను హెమింగ్వేతో చెప్పగా, ఆయన దానిని 1926లో ప్రకటించిన తన నవలకు ముఖవాక్యముగా నుంచెను. ఈ వృత్తాంతమును ఆయనయే వ్రాసియుంచగా, ఆయన మరణానంతరము 1964లో వెలువడిన స్మృతిగ్రంథమున అది ప్రకటితమైనది. సాహిత్య చరిత్రయందు మహాప్రఖ్యాతి గాంచిన ఈ తరనామము మూలమున ఒక యజమాని పనివానిపై పలికిన నింద మాత్రమేయని గ్రహింపవలయును. నాలుగేండ్లు ఫిరంగుల నడుమ గడపి వచ్చిన తరమునకు దక్కిన బిరుదమది!

తరువాతి తరములకును ఇదే గతి పట్టినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము 1946 మొదలు 1964 వఱకు అమెరికాలో పుట్టినవారిని గూర్చి టామ్ వుల్ఫ్ అను రచయిత 1976లో ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, ఆ దశాబ్దమునకు ‘నేను’ దశాబ్దమని పేరు పెట్టెను. వీరికి తమ్ము దాము చూచుకొనుటకంటె వేఱు ధ్యాస లేదని దాని సారము. ముప్పదియేడేండ్లు గడచినవి. 2013 మే నెలలో టైమ్ పత్రిక తన ముఖపత్రముపై ఆ ‘నేను’ అను మాటనే ముమ్మాఱు ముద్రించి సహస్రాబ్ది తరమును వర్ణించినది. తండ్రులపై మోపిన నేరమే, మాట గూడ మారకయే, మూడింతలై బిడ్డలపై పడినది. నడిమి తరమువారును ఈ చీవాట్లు తప్పించుకొనలేదు. 1990లో అదే పత్రిక ఇరువదులలో నున్నవారిని గూర్చి వ్రాయుచు, వారు నిశ్చయము లేనివారనియు, బాధ్యతలకు వెనుదీయువారనియు వర్ణించినది. వారికిప్పుడు ఏబదులు దాటినవి. వారిలో పలువురు గొప్ప సంస్థలకు అధిపతులై యువకులను మందలించుచున్నారు.

సహస్రాబ్ది తరమను పేరును ప్రచారమునకు తెచ్చినవారు విలియం స్ట్రాస్, నీల్ హోవ్ అను నిరువురు అమెరికా రచయితలు. 1991లో వెలువడిన వారి గ్రంథమున ఈ నామము కనబడును. 2000లో ఈ తరమును గూర్చియే ప్రత్యేకముగా మఱియొక గ్రంథము వ్రాసిరి. వారి గ్రంథమున నిందకంటె స్తుతియే యెక్కువ. ఈ పిల్లలు క్రమశిక్షణ గలవారనియు, సంఘభావము గలవారనియు వారు కొనియాడిరి. అయినను పేరొకటి యేర్పడిన పిమ్మట అందు ఎవరికి తోచినది వారు నింపుదురు. యజమానులకు ఈ తరముతో ఎట్లు మెలగవలయునో బోధించుట పెద్ద వ్యాపారమై, ఉపన్యాసకులును, సలహాదారులును బయలుదేరిరి. రోగము కలదని నమ్మించినగాని మందు అమ్ముడుపోదు గదా!

ఇక పరిశోధకులు ఏమి కనుగొనిరో చూతము. 2012లో కోస్టాంజా మొదలగువారు, తరములకు పనియెడ గల మనోభావములలో భేదమున్నదా యని అంతకుముందు జరిగిన ఇరువది అధ్యయనముల ఫలితములను ఒక్కచోట గ్రుచ్చి గణించిరి. తృప్తియందు గాని, సంస్థపై నిష్ఠయందు గాని, విడిచిపోవలెనను తలంపునందు గాని తరములమధ్య తేడాలు అత్యల్పములనియు, పెక్కింట శూన్యప్రాయములనియు తేలినది. 2020లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తులు ఈ విషయముననే ఒక బృహన్నివేదిక ప్రకటించి, ఉద్యోగుల నిర్వహణకు తరవిభజనను ఆధారము చేసికొనుట తగదని తేల్చినవి. 2021లో ఫిలిప్ కోహెన్ అను సమాజశాస్త్రజ్ఞుడును, ఆయనతోడి పండితులు నూఱుమందికి పైగాను, ఈ తరనామముల వాడుకను మానవలసినదిగా ప్యూ పరిశోధన కేంద్రమునకు బహిరంగలేఖ వ్రాసిరి. 1981, 1996 అను ఎల్లలను 2018లో స్థిరపఱచినది ఆ కేంద్రమే. 2023లో ఆ కేంద్రమే ఇకమీద ఈ నామములను మిక్కిలి జాగ్రత్తతోగాని వాడబోమని ప్రకటించినది.

కొలువున నిలువరను ముఖ్యాపవాదమునకు అదే కేంద్రము 2017లో ప్రకటించిన లెక్క చాలును. 2016లో పదునెనిమిది మొదలు ముప్పదియైదేండ్ల లోపల నుండి పనిచేయుచున్న అమెరికా యువజనులలో నూటికి 63.4 మంది పదుమూడు నెలలకు తక్కువ కాకుండ ఒకే యజమాని యొద్ద నున్నారు. 2000లో అదే వయస్సున నుండిన వెనుకటి తరమువారిలో అట్లున్నవారు నూటికి 59.9 మంది మాత్రమే. ఐదేండ్లు దాటినవారి పాళ్లు ఉభయులయందును ఇంచుమించు సమానము. చపలులనిపించుకొన్న ఈ తరమువారే వెనుకటివారికంటె ఒకింత స్థిరముగా నిలిచిరన్నమాట. ఆ స్థైర్యము గుణమువలన కలిగినదని నేను చెప్పను. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ సంస్థ కూలినది. 2009 అక్టోబరునాటికి అమెరికాలో నిరుద్యోగము నూటికి పదికి చేరినది. అట్టి వేళ ఉన్న కొలువును విడుచుటకు ఎవడు సాహసించును?

ఇచ్చట తర్కశాస్త్రముయొక్క అవసరము కలుగుచున్నది. కార్యమునకు పూర్వమున నున్నంతమాత్రమున ప్రతిదియు కారణము కాజాలదు. ఘటోత్పత్తికి ముందు మన్ను మోసికొనివచ్చిన గాడిదయు అచ్చట నుండెను. అయినను ఘటమునకు గాడిద కారణమనుట చెల్లదు. దానిని నైయాయికులు అన్యథాసిద్ధమందురు. యువకుని ప్రవర్తనకు అతని జన్మసంవత్సరము కారణమని చెప్పుట నా దృష్టికి ఈ గాడిద సామ్యమునే తలపించుచున్నది. విచారింపగా మూడు కారణములు ఒకదానితో నొకటి పెనవైచుకొనియున్నవి: వయస్సు, కాలము, జన్మవర్గము. ఇరువదియైదేండ్లవాడు కొలువులు మార్చుట వయోధర్మము. కరవు కాలమున ఎవడును మార్చకుండుట కాలధర్మము. ఈ రెంటిని తీసివేసిన పిమ్మట మిగులునదేమైన నున్నయెడల అది జన్మవర్గమునకు చెందును. అట్లు మిగులునది అత్యల్పమనియే పైని చెప్పిన పరిశోధకుల నిర్ణయము.

మన పూర్వులు ఈ భేదమును ఎఱుగనివారు కారు. బాణుని కాదంబరియందు యువరాజ పట్టాభిషేకమునకు ముందు చంద్రాపీడునకు శుకనాసుడు చేసిన ఉపదేశము సంస్కృత విద్యార్థులందఱును చదువునదే. యౌవనమువలనను ఐశ్వర్యమువలనను మనుష్యునకు కలుగు మదమును గూర్చి ఆ మంత్రి హెచ్చరించెనే గాని, ఫలానా సంవత్సరము తరువాత పుట్టినవారందఱు మదాంధులని చెప్పలేదు. మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో, భాసాదులు ప్రసిద్ధులై యుండగా క్రొత్తవాడైన కాళిదాసుని నాటకమేలయను ప్రశ్న పుట్టినది. కాళిదాసుడును ఒకనాడు క్రొత్తతరమువాడే!

తెలుగు సీమకు వత్తము. కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదట ప్రదర్శింపబడినది. అందలి గిరీశము ఆంగ్లము నేర్చి, చుట్ట కాల్చి, మాటలతో కాలక్షేపము చేయుచు, ఏ పనియందును నిలువని యువకుడు. నాటి పెద్దలు ఇంగ్లీషు చదువుల పిల్లలందఱును గిరీశములేయని తలంచియుందురేని, అదే చదువు చదివి, ఇంచుమించు అదే కాలమున యౌవనమున నుండిన గురజాడ అప్పారావుగారిని ఏ కోవలో చేర్చుట? ఆయనతో ఒక యేడాది తేడాలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడి పాఠశాలలో ఉపాధ్యాయులై యుండి, సవరల భాష నేర్చి, ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును సమకూర్చిరి. భాషావిషయమున నేను ఆయన పక్షమువాడను కానని ఈ వ్యాసపు నడకయే చెప్పుచున్నది. అయినను ఆయన శ్రమకు నమస్కరింపని ఉపాధ్యాయుడుండునా? ఒక తరమున గిరీశములును ఉందురు, గిడుగులును ఉందురు.

చోటు మార్చుటయు మనకు క్రొత్త కాదు. పందొమ్మిదవ శతాబ్దమునుండి వేలకొలది తెలుగువారు కోరంగి, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి ఓడలెక్కి రంగూను పోయి కూలి చేసికొని బ్రదికిరి. 1930 మేలో రంగూను రేవున వారిపై ఘోరమైన అల్లరులు జరిగినవి. 1942లో జపాను సేనలు రాగా కొండలు, అడవులు దాటి నడచి వచ్చినవారును, దారిలో ప్రాణములు విడిచినవారును పెక్కుమంది. నిజాంసాగరము క్రింది భూములకును, పిమ్మట తుంగభద్ర కాలువల క్రింది భూములకును కృష్ణా గోదావరీ మండలముల రైతులు ఉన్నదమ్ముకొని తరలిపోయి క్యాంపులు కట్టుకొని నిలిచిరి. వారిని మనము సాహసవంతులని పొగడుచున్నాము. తాత ఊరు విడిచిన సాహసము, మనుమడు కచేరి విడిచిన చాపల్యము! ఈ ద్వంద్వనీతిని పెద్దలొకసారి విచారింపవలయును.

సహస్రాబ్ది తరపు తెలుగువారి కొలువుల చరిత్ర అమెరికావారి చరిత్రకంటె భిన్నమైనది. 1981 నుండి పుట్టినవారు బడియీడున నుండగా 1991లో ఆర్థిక సంస్కరణలు వచ్చినవి. 1998 నవంబరులో హైదరాబాదున సైబర్ టవర్స్ భవనమునకు ప్రధానమంత్రి వాజపేయిగారు ప్రారంభోత్సవము చేసిరి. అప్పటికే సంవత్సరమును రెండంకెలతో గుర్తించు పాత యంత్రలిపులు 2000 ప్రవేశింపగానే తప్పిపోవునను భయము లోకమంతటను వ్యాపించి, వానిని సరిచేయుటకు వేలకొలది పనివారు కావలసివచ్చిరి. అమీర్‌పేట వీథులలో శిక్షణాలయములు పుట్టగొడుగులవలె మొలిచినవి. ఇంజినీరింగు కళాశాలలు పెరిగి పెరిగి, బోధనరుసుము తిరిగి చెల్లించు ప్రభుత్వ పథకము వచ్చిన పిమ్మట, 2010 ప్రాంతమునాటికి ఉమ్మడి రాష్ట్రమున ఏడు వందలు దాటినవి. మన కులమున మొదటిసారిగా పట్టము పొందిన కుటుంబములు ఎన్నో ఈ కాలముననే పైకి వచ్చినవి. పొలము తాకట్టు పెట్టి చదివించినవారును కలరు.

అట్లు చదివి వచ్చినవారికి లభించినదేమి? 2009 జనవరి 7వ తేదీన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ సంస్థ అధ్యక్షుడు సంవత్సరముల తరబడి లెక్కలు తారుమారు చేసితినని స్వయముగా లేఖ వ్రాసెను. ఏబదివేలకు పైబడిన ఉద్యోగులు, అందు అధికసంఖ్యాకులు యువజనులు, తమ నెల జీతము వచ్చునో రాదో తెలియక దినములు గడపిరి. ఏప్రిలున మఱియొక సంస్థ దానిని గైకొనువఱకు ఆ దిగులు తీఱలేదు. యజమానియెడ విశ్వాసము లేదని నిందించువారు, ఆ సంస్థయందు ఎవరి విశ్వాసమును ఎవరు భగ్నము చేసిరో చెప్పవలయును. అంతటితో ముగియలేదు. పెద్ద సాఫ్ట్‌వేరు సేవాసంస్థలందు క్రొత్తగా చేరు ఇంజినీరు వార్షిక జీతము 2010 ప్రాంతమున మూడు లక్షల పైచిలుకుగా నుండెను. దశాబ్దము గడచినను అది ఇంచుమించు అచ్చటనే నిలిచినది. ఇంటి అద్దె నిలువలేదు, బియ్యము ధర నిలువలేదు. ఉన్నచోటనే ఉన్నవానికి ఏటేట స్వల్పముగా హెచ్చగా, సంస్థ మారినవానికి ఒక్కసారిగా ఎక్కువ దొరకుచుండెను. కొలువు మార్చినవారికి మాత్రమే జీతము పెంచు పద్ధతిని నెలకొల్పిన యజమానులే కొలువులు మార్చుచున్నారని వాపోవుట హాస్యాస్పదము.

సముద్రము దాటినవారి కథ ఇంకను విచిత్రమైనది. అమెరికాలో నిపుణులైన విదేశీయులకిచ్చు హెచ్-1బి అనుమతుల సంఖ్య 1990 శాసనముచే ఏటికి 65 వేలు. 2001 మొదలు 2003 వఱకు అది 1 లక్ష 95 వేలుగా నుండి, 2004లో మరల 65 వేలకు దిగినది. అచ్చటి విశ్వవిద్యాలయములలో పైచదువు చదివినవారికై మఱి 20 వేలు చేర్చిరి. 1978లో పుట్టినవానికి తెఱచియున్న ద్వారము 1983లో పుట్టినవానికి సగము మూసికొనినది. ఇద్దఱి గుణములలో భేదమేమి? స్థిరనివాస పత్రములలో ఏ దేశమువారికిని నూటికి ఏడుకు మించి యీయరాదను నియమము ఉన్నందున భారతీయులు ఏండ్లు పూండ్లు వరుసలో నిలిచియుండవలసి వచ్చుచున్నది. కొలువు పోయినచో అఱువది దినములలోపల మఱియొక యజమానిని వెదకికొనవలయును, లేదా దేశము విడువవలయును. హెచ్-1బివారి భార్యలకు, అదియును స్థిరనివాస ప్రయత్నము కొంతవఱకు సాగినవారికి మాత్రమే, 2015 మే నెలనుండి పనిచేయు అనుమతి కలిగినది. అంతకుముందు పట్టభద్రురాండ్రైన మన ఆడపడుచులు వంటయింటిలో కూర్చుండి దినములు లెక్కించుకొనిరి. చపలులని పేరుమోసిన తరమున ఈ తెలుగువారు కట్టుకొయ్యకు కట్టిన పశువులవలె ఒకే యజమాని యొద్ద పదేండ్లు, పదునైదేండ్లు పడియుండినవారు. వారి తల్లిదండ్రులు మన సభలలో ముందువరుసలయందు కూర్చుండు గౌరవనీయులు. కొడుకు ఎప్పుడు వచ్చునని ప్రశ్నించినవారికి వారు చెప్పు సమాధానము ఎంత తడబాటుతో నుండునో మనమెఱుగుదుము.

ఇంకొక విషయము. టైమ్ పత్రిక చేసిన నిందలలో, ఈ యువకులు ఇంకను తల్లిదండ్రుల యింటనే నివసించుచున్నారనునది యొకటి. మన దేశమున తల్లిదండ్రులను విడిచిపోయినవానినే నిందింతుము. ఒక సమాజమున దోషమైనది మఱియొకదానియందు పుత్రధర్మము. అచ్చటి నిందను ఇచ్చటికి దిగుమతి చేసికొనువారు ఈ చిన్న సంగతినైనను గమనింపరు.

విశ్వాసమును గూర్చి పెద్దలు ముఖ్యముగా ఎఱుగవలసినది పింఛను చరిత్ర. నేను ప్రభుత్వ పాఠశాలలో చేరినప్పుడు, నిర్ణీతకాలము పనిచేసినచో కడపటి జీతములో సగము మరణాంతము వచ్చుననియు, పిదప భార్యకు కొంత వచ్చుననియు నిశ్చయముగా తెలిసియే చేరితిని. నావంటివాని స్థైర్యమునకు గుణమెంత కారణమో, ఈ హామీ ఎంత కారణమో విడదీసి చెప్పుట కష్టము. 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వ కొలువులలో చేరినవారికి, సైన్యము తప్ప, ఆ హామీ తొలగినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అదే సంవత్సరము సెప్టెంబరు 1 నుండి. వారి జీతమునుండి కొంత, ప్రభుత్వమునుండి కొంత కూర్చి విపణియందు పెట్టుదురు, వచ్చినంత వచ్చును. కేంద్రము 2025 ఏప్రిలునుండి హామీతో కూడిన క్రొత్త పథకమొకటి కోరినవారికి ప్రవేశపెట్టినది. అయినను 1981 తరువాత పుట్టి, చదువు ముగించి కొలువున చేరునప్పటికి ఆ పాత ద్వారము మూసికొనిపోయినదను సంగతి తేదీలను బట్టియే తెలియుచున్నది. మేము విశ్వాసమునకు మూల్యము పొందితిమి. ఆ మూల్యమును తీసివేసి విశ్వాసమును మాత్రము నిలుపుకొనుమని వారిని కోరుచున్నాము.

ప్రైవేటు కొలువులయందు గ్రాట్యుటీ పొందుటకు 1972 శాసనము ప్రకారము ఐదేండ్ల నిరంతర సేవ కావలసియుండెను. నాలుగేండ్లకే కాగితము చేతికిచ్చి పంపివేయు యజమానులను మనము ఎఱుగనిది కాదు. 2020లో పార్లమెంటు అంగీకరించి, 2025 నవంబరున అమలునకు తెచ్చిన సామాజిక భద్రతా స్మృతి గడువుకొలువులవారికి ఒక్క యేటికే ఆ హక్కు కల్పించినది. ఆహారపు పొట్లములు చేరవేయువారిని, అద్దెబండ్లు నడపువారిని గూడ శాసనమున మొదటిసారిగా పేర్కొనినది. ఈ చివఱివారు మన వసతిగృహములనుండి వెడలిన పిల్లలలోను కలరు. వారిని గూర్చి మిలేనియల్ ఉపన్యాసకులెవ్వరును మాటలాడరు. ఇంజినీరింగు పట్టము చేతనుండి, రాత్రి పదకొండు గంటలకు వర్షమున బండి నడపువానిని సోమరియని యెవడు పిలువగలడు?

పనిగంటలను గూర్చియు ఒక మాట. 2023 అక్టోబరున ఇన్ఫోసిస్ స్థాపకులలోనివారైన నారాయణమూర్తిగారు యువకులు వారమునకు డెబ్బది గంటలు పనిచేయవలయుననిరి. 2025 జనవరిలో లార్సెన్ అండ్ టూబ్రో అధ్యక్షులు తొంబది గంటల మాట తలపెట్టిరి. 1948 కర్మాగార శాసనము వారమునకు 48 గంటలను పరిమితిగా నిర్ణయించినది. ఆ పరిమితికై ఎన్ని దేశములలో ఎన్ని సమ్మెలు జరిగినవో చరిత్ర చదివినవారికి తెలియును. మూర్తిగారి స్వీయశ్రమను నేను శంకింపను. ఆయన సంస్థను పెంచుటకు అహోరాత్రములు శ్రమించిరి. కాని స్వంత సేద్యమునకు చేయు చాకిరియు, పాలికాపు చేయు చాకిరియు ఒక్కటి కావని మన రైతుకుటుంబములలో పుట్టినవారెవ్వరికిని బోధింపనక్కఱలేదు.

ఇంతచెప్పి, యువకులయెడ దోషమే లేదని వాదించుట నా యభిమతము కాదు. చెప్పకుండ కొలువు విడిచిపోవుట, వచ్చెదనని మాటయిచ్చి మఱియొకచోట చేరుట, చరవాణిపై దృష్టి నిలిపి ఎదుటివాని మాట ఆలకింపకుండుట నాకును కష్టము కలిగించుచున్నవి. తెలుగు పుటయొకటి తప్పులేకుండ వ్రాయగలవారు వారిలో అరుదైపోయిరి. ఆ లోపములో ఉపాధ్యాయులమైన మా పాలు కలదో లేదో ఇచ్చట చర్చింపను, అది వేఱొక వ్యాసమగును. అయితే ఈ దోషములను ఆయా వ్యక్తులయందు చూచి ఆయా వ్యక్తులతోనే పరిష్కరించుకొనవలయును. మఱియు వీరు ప్రశ్నింతురు. కారణము చెప్పనిదే చేయరు. ఇది పెద్దలకు అవిధేయతగా తోచును. తండ్రి ముసలి గోవులను దానమిచ్చుచుండగా ప్రశ్నించిన నచికేతసుని మనము ఉపనిషత్తులో పూజింతుము, దుకాణములో సహింపము.

ఈ మహాసభయందు ఉద్యోగసహాయ సమితి నియమావళి చర్చకు రానున్నది. సంఘము సిఫారసుతో కొలువు పొందిన అభ్యర్థి ఐదేండ్లు అచ్చటనే నిలుతునని వ్రాసియీయవలయుననియు, తప్పినయెడల విద్యార్థి వేతనము తిరిగి చెల్లింపవలయుననియు కొందఱు పెద్దలు ప్రతిపాదించియున్నారు. వారి సదుద్దేశమును నేను శంకింపను. అయితే ఆ పత్రమున రెండవ పక్షము లేదు. అభ్యర్థిని ఐదేండ్లు ఉంచుకొందుననియు, మొదటి నెలనుండి భవిష్యనిధి జమచేయుదుననియు, ఏటేట జీతము ఇంత హెచ్చింతుననియు యజమానియు వ్రాసియీయవలయునను వాక్యము చేర్చినయెడల ఆ ప్రతిపాదనకు నేనును సమ్మతింతును. అట్లు చేర్చనియెడల వసతిగృహపు పిల్లలతో ఆ పత్రముపై వ్రాలు చేయింపవలదని సమితివారిని ప్రార్థించుచున్నాను. ఇరువది రెండేండ్లవానికి, తండ్రి అప్పు తీఱకమునుపే, వేతనము తిరిగి చెల్లింపవలయునను భయము చూపి ఒకచోట కట్టిపడవేయుటకై మన నిధి ఏర్పడలేదు. దాని మొదటి దాతలు వ్రాసిన దానపత్రమున ‘పేదవిద్యార్థుల అభ్యున్నతికి’ అని మాత్రమే యున్నది. ఆ పత్రము కార్యాలయమున ఉన్నది, కోరినవారు చూడవచ్చును.